చేరువలో ఒక ప్రతి

పాఠ్యభాగ ఉద్దేశం

విజ్ఞానం అందరిదీ అని చెప్పడం సులభం. అది అందరి చేతికీ అందేటట్లు చేయడం కష్టం. సాఫ్ట్‌వేర్‌ను అంతర్జాలం ద్వారా పంచే పద్ధతులలోని లోపాలను పరిశీలించి, దూరప్రాంతాల విద్యార్థులకు న్యాయం జరిగే మార్గాన్ని సూచించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదులోని బంజారా హిల్స్‌కు ఆ పేరు బంజారాల వల్ల వచ్చింది. లంబాడీలనీ, సుగాలీలనీ తెలుగునాట పిలుచుకునే ఈ జనం ఒకప్పుడు దక్కను దారులలో సరకులు మోసిన సంచార వర్తకులు. ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని, అవి దొరికే చోటి నుంచి దొరకని చోటికి చేర్చేవారు. సముద్రతీరంలో ఉప్పు ఎంత పండినా, ఎద్దు వీపు మీద ఊరిదాకా వచ్చినప్పుడే అది మెట్టప్రాంతపు ఇల్లాలి కూరలో పడేది. వస్తువు ఉండటం వేరు, అది అందటం వేరు. ఈ సత్యాన్ని ఆ కొండల పేరే గుర్తుచేస్తుంది.

కాలక్రమంలో ఆ కొండల మీదికి మరొక సరకు వచ్చింది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చే క్రమంలో 1976లో అన్నపూర్ణ స్టూడియో ఇక్కడ ప్రారంభమైంది. ఆ తరువాత జూబిలీ హిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు నిలయాలయ్యాయి. సినిమా తయారైతే చాలదు, అది ఊరూరికీ చేరాలి. 35 మిల్లీమీటర్ల ఫిలిం నిమిషానికి 90 అడుగుల చొప్పున తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగుల ఫిలిం కావాలి. వెయ్యి అడుగుల రీళ్లుగా చుడితే అవి దాదాపు పద్నాలుగు. ఈ రీళ్ల పూర్తి వరుసనే ప్రింటు అనేవారు. ప్రింటు తీయడం ఖర్చుతో కూడిన పని కనుక పరిమితమైన సంఖ్యలోనే తీసేవారు. అవి మొదట పెద్ద పట్టణాలకు వెళ్లేవి. చిన్న ఊళ్ల ప్రేక్షకులు వారాలూ నెలలూ ఎదురుచూసి, చివరకు గీతలు పడిన ప్రింటును చూసి తృప్తిపడేవారు. ఒకే ప్రింటును రెండు థియేటర్లు పంచుకున్న సందర్భాలూ ఉండేవి. ఒక హాలులో ఆడిన రీలును సైకిలు మీద రెండవ హాలుకు హుటాహుటిన చేర్చేవారు. దారిలో సైకిలుకు పంక్చరైతే అక్కడ కథ ఆగిపోయేది.

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ వెలసిన నాటి నుంచి ఈ కొండల ఇరుగుపొరుగున సాఫ్ట్‌వేర్ ఒక ప్రధాన వృత్తిగా విస్తరించింది. చిత్రమేమంటే, సాఫ్ట్‌వేర్‌కు కూడా ప్రింట్లు ఉంటాయి. వాటికి 'మిర్రర్లు', అనగా అద్దాలు అని పేరు. ఒక సంస్థ తన సాఫ్ట్‌వేర్‌ను ఒకే సర్వర్‌లో ఉంచితే, లోకంలోని వారందరూ దాని మీదనే పడతారు. ఆ భారాన్ని తగ్గించడానికీ, దూరాన్ని కుదించడానికీ అదే సామగ్రికి వేర్వేరు దేశాలలో అచ్చమైన ప్రతులను నిలుపుతారు. అసలు సర్వర్‌లో మార్పు జరిగినప్పుడల్లా ఆ మార్పును ఈ ప్రతులు తమలోనికి తెచ్చుకుంటాయి. అద్దంలో ప్రతిబింబం ముఖాన్ని అనుసరించినట్లే మిర్రరు మూలాన్ని అనుసరిస్తుంది. అనేక దేశాలలో విశ్వవిద్యాలయాలు ఈ పనిని ప్రతిఫలం ఆశించకుండా చేస్తున్నాయి. భారతదేశంలో కాన్పూరు, మద్రాసు ఐఐటీల వంటి విద్యాసంస్థలు ఇటువంటి ప్రతులను నిర్వహించాయి.

సినిమా ప్రింటుకూ సాఫ్ట్‌వేర్ ప్రతికీ ఒక పెద్ద భేదం ఉంది. ప్రింటు తీయడానికి ధనం కావాలి. సాఫ్ట్‌వేర్‌కు మరొక ప్రతి తీయడానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. అటువంటప్పుడు అది అందరికీ ఒకేసారి, ఒకే తీరుగా అందాలి. ఆచరణలో అలా జరగలేదు. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. ఆనాడు టెలిఫోను తీగ మీద మోడెం ద్వారా సంబంధం ఏర్పడేది. తరువాత వచ్చిన మంచి మోడెం వేగం కూడా సెకనుకు 56 కిలోబిట్లు మాత్రమే. ఆ వేగంతో 700 మెగాబైట్లు పట్టే ఒక సీడీ నిండా సామగ్రిని తెచ్చుకోవడానికి, ఎక్కడా తీగ తెగకపోతే, దాదాపు 28 గంటలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోను చేసినా, కరెంటు పోయినా కథ మొదటికి వచ్చేది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. ఆ వేగంతోనైనా అదే సీడీకి ఆరు గంటలు కావాలి.

అందువల్ల ఆ రోజులలో సాఫ్ట్‌వేర్ తీగల మీద కన్నా సీడీల మీదనే ఎక్కువగా ప్రయాణించింది. కంప్యూటర్ పత్రికలు ప్రతి నెలా సంచికతోపాటు ఒక సీడీని అందించేవి. ఉబుంటు అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంను రూపొందించిన సంస్థ, అడిగినవారికి సీడీలను తపాలాలో ఉచితంగా పంపేది. ఈ సేవను 2011లో నిలిపివేశారు. ఒక ఊరికి చేరిన ఒక్క సీడీ చేతులు మారుతూ, ప్రతులు పెరుగుతూ, ఎందరి కంప్యూటర్లలోనో చోటు సంపాదించేది. ఆ సీడీలో ఒక గొప్ప గుణం ఉండేది. దానిలో ఉన్నది సంపూర్ణమైన ప్రతి. దానిని వాడుకోవడానికి మరొకరి దయ అక్కరలేదు.

కాలం మారి సీడీ స్థానాన్ని ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ ఆక్రమించింది. ఇది ఒకటి రెండు మెగాబైట్ల చిన్న ఫైలు. చూడటానికి సాఫ్ట్‌వేర్ వలెనే ఉంటుంది కాని, నిజానికి ఇది సాఫ్ట్‌వేర్ కాదు. దానిని తెచ్చిపెట్టే దూత మాత్రమే. దానిని నడిపినప్పుడు అది ఆ కంప్యూటర్‌ను పరిశీలించి, ఏయే భాగాలు కావాలో నిర్ణయించుకొని, ఏదో ఒక సర్వర్ నుంచి వాటిని తెస్తుంది. ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. అక్కరలేని భాగాలను మోసుకురానవసరం లేదు. ఎప్పుడు తెచ్చుకున్నా తాజా రూపమే వస్తుంది. భద్రతా లోపాలను సరిదిద్దిన భాగాలు వెంటనే అందుతాయి. తయారీదారులకు కూడా పాత ప్రతులు లోకంలో తిరుగుతున్నాయన్న చింత ఉండదు. అంతర్జాలం వేగంగా, నిరంతరాయంగా ఉన్నచోట ఇది నిజంగా సౌకర్యమే. బంజారా హిల్స్‌లో ఫైబర్ తీగ ఉన్న ఇంటిలో కూర్చున్న విద్యార్థికి ఇందులో ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు.

ఇబ్బంది తెలియాలంటే ఉట్నూరులోనో, పాడేరులోనో ఒక కళాశాల ప్రయోగశాలను ఊహించుకోవాలి. అక్కడ 30 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దానికి 200 మెగాబైట్ల సాఫ్ట్‌వేర్ కావాలి. సంపూర్ణ ప్రతి ఉంటే 200 మెగాబైట్లను ఒక్కసారి తెచ్చుకొని అన్నింటిలోనూ వేసుకోవచ్చు. ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ మాత్రమే ఉంటే, ప్రతి కంప్యూటరూ అదే సామగ్రిని విడివిడిగా తెచ్చుకోవాలి. మొత్తం 6,000 మెగాబైట్లు. సెకనుకు 256 కిలోబిట్ల వేగంతో మొదటి పనికి గంటా నలభై అయిదు నిమిషాలు చాలు. రెండవ పనికి 52 గంటలు పడుతుంది. ఆ గదిలో ఒకే వస్తువును ముప్పయిసార్లు సముద్రాలు దాటించి తెప్పించినట్లయింది. పక్క కంప్యూటర్‌లో అదే వస్తువు ఉన్నదన్న సంగతి ఈ దూతకు పట్టదు. ప్రతి ఆటకూ ఫిలింనగర్ నుంచి రీళ్లు కొత్తగా తెప్పించుకొని, ఆట కాగానే తిప్పి పంపే థియేటరు ఎక్కడా లేదు. అటువంటి ఏర్పాటును ఎవరైనా ప్రతిపాదిస్తే పంపిణీదారులు నవ్విపోతారు. సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం అదే ఏర్పాటును ప్రగతిగా భావిస్తున్నారు.

రెండవ లోపం మానసికమైనది, అందుచేత మరింత హానికరమైనది. దిగుమతి సాగుతున్నంతసేపు తెర మీద ఒక గీత నెమ్మదిగా నిండుతూ ఉంటుంది. తొంభై శాతం దాటిన తరువాత అది ఆగిపోతుంది. కొంతసేపటికి అర్థంకాని ఒక సంఖ్యతో 'దోషం' అన్న మాట వెలువడుతుంది. అనేక ఇన్‌స్టాలర్లు ఆగినచోటి నుంచి కొనసాగలేవు. మళ్లీ మొదలుపెట్టాలి. తప్పు సర్వర్‌దో, తీగదో, మధ్యనున్న సంస్థదో తెలియని విద్యార్థి, తప్పు తనదేనని భావిస్తాడు. కంప్యూటర్ విద్య తనవంటివారికి అబ్బదని నిశ్చయించుకుంటాడు. అతడు పాఠం దగ్గర ఓడిపోలేదు, పాఠశాల గేటు దగ్గర ఆగిపోయాడు. పాఠం కష్టమైతే గురువు ఉంటాడు. గేటు తెరుచుకోకపోతే ఎవరిని అడగాలి? ప్రతిభకు సంబంధించని ఇటువంటి అడ్డంకి ప్రతిభగా చెలామణి కావడం విచారకరం.

ఇక అద్దాల మందకొడితనానికి కారణాలు అనేకం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుంచి ఐరోపాకు ఏడు వేల కిలోమీటర్ల దూరమనుకుంటే, పోయిరావడానికి సెకనులో పద్నాలుగవ వంతు కాలం పడుతుంది. ఇది అల్పంగానే కనిపిస్తుంది. కాని సర్వర్ కొంత సామగ్రిని పంపి, అది అందిందన్న కబురు వచ్చిన తరువాతనే మరికొంత పంపుతుంది. ఇటువంటి రాకపోకలు వేలసార్లు జరగాలి. దూరం పెరిగినకొద్దీ నిరీక్షణ పెరుగుతుంది. అందువల్ల తీగ ఎంత వెడల్పైనా దూరపు అద్దం నుంచి వచ్చే ధార సన్నగానే ఉంటుంది. సర్వర్ మీద రద్దీ ఎక్కువైనా, దాని నిర్వాహకులు మార్పులను సకాలంలో తెచ్చుకోకపోయినా ఇబ్బందే. సిగ్విన్ వంటి కొన్ని ఇన్‌స్టాలర్లు ఏ అద్దం కావాలో ఎంచుకోమని వాడుకరికే ఒక పెద్ద జాబితాను చూపుతాయి. అందులోనివన్నీ అపరిచితమైన పేర్లు. ఏది దగ్గరో, ఏది చురుకైనదో చెప్పేవారుండరు. కొత్త విద్యార్థి మొదటి పేరునే ఎంచుకుంటాడు. ఒక్కొక్కప్పుడు అది ప్రపంచానికి ఆవలి అంచున ఉంటుంది.

హైదరాబాదు సముద్రతీర నగరం కాదు. విదేశాల నుంచి వచ్చే సముద్రగర్భ తీగలు ముంబయి, చెన్నై వంటి తీరాలకు చేరి, అక్కడి నుంచి భూమి మీద దక్కనుకు రావాలి. 2008 జనవరి చివరి రోజులలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపాన రెండు సముద్రగర్భ తీగలు తెగినప్పుడు భారతదేశంలో అంతర్జాలం తీవ్రంగా మందగించింది. ఎక్కడో మధ్యధరా సముద్రంలో తీగ తెగితే ఇక్కడ పనులు ఆగాయి. స్వదేశంలోని రెండు కంప్యూటర్ల మధ్య సమాచారం కూడా విదేశాలు చుట్టివచ్చే పరిస్థితిని తప్పించడానికి 2003లో భారత జాతీయ అంతర్జాల కూడలి సంస్థ 'నిక్సీ' ఏర్పడింది. ఇరుగింటి నుంచి పొరుగింటికి పోయే ఉత్తరం లండను మీదుగా పోనక్కరలేదన్నదే దాని సూత్రం. ఈ సూత్రం తీగలకు వర్తించినట్లే ప్రతులకు కూడా వర్తించాలి. దేశం లోపల దారులు వేసినా, ఆ దారులలో నడవవలసిన వస్తువు విదేశంలోనే ఉంటే ప్రయోజనమేమి?

తెలుగు భాషకు కూడా ఈ సమస్యతో సంబంధం ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు లిపికి గౌతమి అనే ఫాంటు ఉండేది. అయితే తెలుగు వంటి సంక్లిష్ట లిపులు సక్రమంగా కనిపించాలంటే కొన్ని అదనపు ఫైళ్లను చేర్చుకోవలసివచ్చేది. వాటికోసం కంప్యూటర్ ఆ ఆపరేటింగ్ సిస్టం సీడీని అడిగేది. సీడీ దగ్గర లేనివారికి ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదరై కనిపించేవి, లేదా అక్షరాల స్థానంలో ఖాళీ గడులు కనిపించేవి. ఆ కాలంలో కొన్ని తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంటును వాడేవి. ఆ ఫాంటు చేరేదాకా పాఠకునికి వార్త స్థానంలో అయోమయమే దర్శనమిచ్చేది. మాతృభాషలో రెండు వాక్యాలు చదవడానికి ఎక్కడి నుంచో ఒక ఫైలు రావలసి ఉండటం, రాకపోతే భాషే లేకుండాపోవడం ఆ తరం అనుభవం. చిన్న ఫైలు అందకపోవడం ఎంత పెద్ద లోటు కాగలదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ గతించిన కష్టాలనీ, నేడు అంతర్జాలం వేగవంతమైందనీ కొందరు వాదించవచ్చు. ఈ వాదంలో కొంత నిజం ఉంది. 2016 తరువాత నాలుగవ తరం మొబైల్ సేవలు చౌకగా లభించి, గ్రామాలకు కూడా అంతర్జాలం చేరింది. కనీస బ్రాడ్‌బ్యాండ్ వేగాన్ని ప్రభుత్వం 2023లో సెకనుకు 2 మెగాబిట్లకు పెంచింది. కాని వేగంతోపాటు సాఫ్ట్‌వేర్ పరిమాణం కూడా పెరిగింది. ఒకనాడు ఒక సీడీలో ఆపరేటింగ్ సిస్టం అంతా ఇమిడేది. ఇప్పుడు మొబైల్ యాప్‌ల తయారీ నేర్చుకోవాలంటేనే అనేక గిగాబైట్ల సామగ్రి కావాలి. మొబైల్ పథకాలలో చాలావాటికి రోజుకు ఒకటిన్నర లేదా రెండు గిగాబైట్ల పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటగానే వేగం పడిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న కుటుంబంలో విద్యార్థి తన పాఠం కోసం ఒక రోజు వాటానంతా ఖర్చు చేయాలి. 2020లో కళాశాలలు మూతబడి తరగతులు ఫోనులోనికి మారినప్పుడు, మన్యం గ్రామాల విద్యార్థులు సిగ్నల్ కోసం గుట్టలెక్కవలసివచ్చింది. సగటు వేగం పెరిగిందన్న మాట నిజమే. అయితే నది సగటు లోతును చూసి దానిలో దిగినవాడు మునగడని చెప్పలేము.

ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్‌కు మరొక బలహీనత ఉంది. అది ఎదుటి సర్వర్ ఉన్నంతకాలమే పనిచేస్తుంది. సంస్థ మూతబడినా, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇక పోషించవద్దని నిర్ణయించినా, ఇన్‌స్టాలర్ చిరునామా మారిన ఇంటి తాళంచెవి అవుతుంది. సీడీని పదేళ్ల తరువాత కూడా బీరువాలోంచి తీసి వాడుకోవచ్చు. పాత కంప్యూటర్లతోనే కాలం గడిపే బడులకు ఇది చిన్న విషయం కాదు. అంతేగాక, అసలైన చోటు నుంచి దిగుమతి ఆలస్యమైనప్పుడు విసిగినవారు ఏదో ఒక ఊరూపేరూ లేని వెబ్‌సైటును ఆశ్రయిస్తారు. అక్కడ దొరికే ఫైలులో అడిగినదానితోపాటు అడగనివి కూడా ఉంటాయి. వైరస్‌లు, గూఢచర్య ప్రోగ్రాములు ఈ దారినే ప్రవేశిస్తాయి. మంచి బావి దూరమైతే దాహం గలవాడు మురికిగుంటలో నీరు తాగుతాడు. అతనిని నిందించడం కన్నా బావిని దగ్గరకు తేవడం మేలు.

ఈ విషయంలో బంజారా హిల్స్ పొరుగున ఉన్న సినిమావారు ఒక పాఠం చెప్పగలరు. 2005 ప్రాంతం నుంచి భారతదేశంలో డిజిటల్ ప్రదర్శన విధానం వ్యాపించింది. యూఎఫ్ఓ వంటి సంస్థలు చిత్రాన్ని ఉపగ్రహం ద్వారా థియేటర్లకు పంపసాగాయి. ఫలితంగా ప్రింటు కోసం నెలలు వేచి ఉండిన చిన్న ఊళ్లు, నగరంతోపాటు అదే రోజున, గీతలు లేని బొమ్మను చూడగలిగాయి. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఉపగ్రహం నుంచి వచ్చిన చిత్రం థియేటరులోని యంత్రంలో సంపూర్ణంగా నిలువ ఉంటుంది. తరువాతనే ఆట మొదలవుతుంది. ఆట మధ్యలో వాన వచ్చి సిగ్నల్ పోయినా తెర నల్లబడదు. తెచ్చుకునే మార్గం ఎంత ఆధునికమైనా, తెచ్చుకున్న ప్రతి చేరువలోనే ఉండాలన్న వివేకాన్ని ఆ పరిశ్రమ వదులుకోలేదు.

ఈ వివేకం తెలుగువారికి కొత్తది కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల మీద పడవ గ్రంథాలయాన్ని నడిపారు. పుస్తకం కావలసినవారు పట్టణానికి రావాలని ఆయన అనలేదు. పడవనెక్కించి పుస్తకాన్నే పల్లె రేవుకు చేర్చారు. గ్రంథాలయోద్యమం తెలుగునాట చేసిన మేలంతా ఈ ఒక్క ఆలోచనలో ఉంది. నేటి సాఫ్ట్‌వేర్ పంపిణీకి కూడా అదే ఆలోచన కావాలి.

ఇందులో మొదటి బాధ్యత తయారీదారులది. ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. దానితోపాటు సంపూర్ణ ప్రతిని కూడా, వెతకనక్కరలేని చోట, అందుబాటులో ఉంచాలి. ఇది అసాధ్యం కాదు. 2008లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 మొదటి సర్వీస్ ప్యాక్‌ను మూడు మెగాబైట్ల లోపు ఇన్‌స్టాలర్‌గానూ, సుమారు 231 మెగాబైట్ల సంపూర్ణ ప్రతిగానూ ఇచ్చింది. అదే సంస్థ విజువల్ స్టూడియో 2017 నుంచి సిద్ధమైన సంపూర్ణ ప్రతిని మానివేసి, కావలసినవారు ఆదేశాలు టైపు చేసి తామే దానిని కూర్చుకోవాలంది. వెనుకటి పద్ధతే కొత్త విద్యార్థికి సులభం. డెబియన్ ఆపరేటింగ్ సిస్టం నేటికీ చిన్న ఇన్‌స్టాలర్‌నూ, సంపూర్ణ డీవీడీ ప్రతులనూ రెండింటినీ అందిస్తున్నది. దిగుమతి ఆగినచోటి నుంచి కొనసాగాలి. దోషం వచ్చినప్పుడు అది ఎవరిదో తేటమాటలలో చెప్పాలి. దగ్గరి అద్దాన్ని ఇన్‌స్టాలరే పరీక్షించి ఎంచుకోవాలి.

రెండవ బాధ్యత విద్యాసంస్థలది. ప్రతి ఇంజనీరింగ్ కళాశాలా తన గ్రంథాలయంలో పుస్తకాలకు బీరువాలు పెట్టినట్లే, బోధనకు అవసరమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఒక కంప్యూటర్‌ను కేటాయించవచ్చు. రాత్రివేళ రద్దీ తగ్గినప్పుడు అది మార్పులను తెచ్చుకుంటుంది. పగలు విద్యార్థులు తమ ప్రాంగణం నుంచే, బయటి తీగతో పనిలేకుండా తీసుకుంటారు. జిల్లాకు ఒక కళాశాల ఇందుకు పూనుకున్నా చుట్టుపక్కల జూనియర్ కళాశాలల కొరత తీరుతుంది. హైదరాబాదులో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసింది. కళాశాలలలో ఇన్‌స్టాల్ ఫెస్ట్‌లు జరిపి, కార్యకర్తలే సామగ్రిని వెంట తెచ్చి విద్యార్థుల కంప్యూటర్లలో వేసిపెట్టే సంప్రదాయాన్ని పెంపొందించింది. ఇవి ఈ కాలపు పడవ గ్రంథాలయాలు. విజ్ఞాన సర్వస్వాన్ని అంతర్జాలం లేకుండా చదువుకునే వీలు కల్పించే కివిక్స్ వంటి పరికరాలు కూడా ఈ కోవలోనివే.

మూడవ బాధ్యత వాడుకరులది. సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకునే ముందు సంపూర్ణ ప్రతి దొరుకుతుందేమో చూడాలి. మూలసంస్థ ప్రకటించిన సరిచూపు సంఖ్యతో తెచ్చుకున్న ఫైలును పోల్చుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ సంఖ్య మారిపోతుంది కనుక కల్తీ వెంటనే బయటపడుతుంది. చట్టం, లైసెన్సు అనుమతించిన మేరకు ఆ ప్రతిని పెన్‌డ్రైవులో భద్రపరచి, అవసరమైన తోటివారికి ఇవ్వాలి. అనుమతి లేని దానిని పంచడం దొంగతనమే. అనుమతి ఉన్నదానిని పంచకపోవడం పిసినారితనం. వేగవంతమైన తీగ గలవాడు తన ఊరికి సెలవులకు వెళ్లేటప్పుడు అక్కడి పాఠశాలకు ఒక పెన్‌డ్రైవును వెంట తీసుకుపోతే, అతడు ఆ కొద్దిసేపు ఒక అద్దమవుతాడు.

ఉచితంగా ఇవ్వడం మాత్రమే దానం కాదు. పుచ్చుకునేవాని చేతికి అందేటట్లు ఇచ్చినప్పుడే దానం సార్థకమవుతుంది. చెట్టు చిటారుకొమ్మన పండును వేలాడదీసి, ఎవరైనా కోసుకోవచ్చని ప్రకటించడంలో ఔదార్యం సగమే ఉంది. ఎద్దుల మీద ఉప్పు తెచ్చిన బంజారాకూ, సైకిలు మీద రీలు మోసిన కుర్రవానికీ, పడవలో పుస్తకాలు పంపిన గ్రంథాలయ సేవకునికీ తెలిసిన ధర్మమొక్కటే. వస్తువు దారి చివరనున్న మనిషి దాకా పోవాలి. ఆ మనిషి చేరువలో ఒక సంపూర్ణమైన ప్రతి నిలిచిన రోజున, ఉట్నూరు విద్యార్థికీ బంజారా హిల్స్ విద్యార్థికీ మధ్య ఉండే భేదం కృషిలోనే ఉంటుంది, తీగలో ఉండదు.

ప్రశ్నలు

1. 'వస్తువు ఉండటం వేరు, అది అందటం వేరు' అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. సినిమా ప్రింటుకూ మిర్రర్ సర్వర్‌కూ గల పోలికలను, భేదాన్ని వివరించండి.
3. ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ వల్ల కలిగే మేలు, కీడులను తెలపండి.
4. అంతర్జాల వేగం పెరిగినందువల్ల సమస్య తీరిందన్న వాదానికి పాఠంలో ఇచ్చిన సమాధానమేమిటి? దానితో మీరు ఏకీభవిస్తారా?
5. మీ కళాశాల గ్రంథాలయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రతులను ఉంచవలసిందిగా కోరుతూ ప్రిన్సిపాల్‌గారికి లేఖ రాయండి.